బండి సంగతులు: పానా వేసే ముందు బోల్టు అవతల చూడండి

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా తుప్పు గురించే. విడివిడిగా జవాబులు రాస్తే చెప్పిందే చెప్పినట్టుంటుందని, ఒకదానికొకటి సంబంధం ఉన్నవి ఏరి ఒకచోట పెట్టాను.

అన్నా, నాన్న వాడిన వంద సీసీ బండి, పన్నెండేళ్లది, ఇప్పుడు నేను కాలేజీకి తీసుకుపోతున్నా. సైలెన్సర్ ఇంజన్‌కు కలిసేచోట గాలి లీకై పట్ పట్ మని మోత. లోపల గ్యాస్కెట్ వేద్దామని రెండు నట్లు విప్పబోతే ఒకటి వచ్చింది, రెండోది కదల్లేదు. స్ప్రే కొట్టి పది నిమిషాలు ఆగి, పానాకు పైపు తొడిగి లాగుదామనుకుంటే అమ్మ అరిచి ఆపేసింది. ఇప్పుడు ఏం చెయ్యాల? ఇంకో డౌటు, మా ఊర్లో వానే పడదు కదా, ఇంత తుప్పు యాడ నుంచి వచ్చింది? (డిగ్రీ విద్యార్థి, అనంతపురం)

ముందు అమ్మకు నా తరఫున ఒక దండం పెట్టు తమ్ముడూ. ఆమె అరవకపోయుంటే ఇదే ప్రశ్న "స్టడ్డు తెగిపోయింది" అని వచ్చేది, నా జవాబు లేత్ షాపుతో మొదలయ్యేది. స్టడ్డంటే తల లేని బోల్టు, ఒక చివర ఇంజన్‌లోకి పోయి ఉంటుంది, ఇంకో చివర నట్టు ఎక్కుతుంది.

పైపు సంగతి లెక్కేసి చూద్దాం. ఆ నట్టుకు 10 నంబరు పానా పడుతుందంటే లోపలి స్టడ్డు 6 మిల్లీమీటర్లది. తల మీద 8.8 అని ఉండే మామూలు ఉక్కు బోల్టు ఆ సైజులో అయితే బిగించాల్సింది సుమారు 10 న్యూటన్ మీటర్లే (తిప్పే బలానికి కొలత అది). పదిహేను సెంటీమీటర్ల పానా చివర ఏడు కేజీల బలం పెడితే అది వచ్చేస్తుంది. అదే పానాకు పైపు తొడిగి రెండడుగులు చేశావనుకో, రెండు కేజీలు కూడా అక్కర్లేదు, చిటికెన వేలుతో లాగినా చాలు. నువ్వేమో రెండు చేతులతో, కాలు ఫుట్‌రెస్ట్‌కు తన్నిపెట్టి లాగబోయావు! పైపులు లారీ వీల్ నట్లకు, ఈ వేలెడు నట్లకు కాదు.

ఇక అసలు విషయం. ఏ బోల్టు మీదైనా పానా వేసే ముందు అవతలి చివర ఏముందో వంగి చూడాలి. అవతల ఇంకో నట్టు ఉంటే అది తెగినా పర్వాలేదు, అంగట్లో కొత్తది దొరుకుతుంది. అవతలి చివర ఇంజన్ బాడీలోకి, అదీ అల్యూమినియంలోకి పోయి ఉంటే మాత్రం వాచీ విప్పేవాడిలా పని చెయ్యాలి. నీ స్టడ్డు రెండో రకం. అటు చివర సిలిండర్ హెడ్‌లో, అంటే ఇంజన్ తల భాగంలో ఉంది. కాబట్టి నట్టు ఏమైపోయినా ఫరవాలేదు, స్టడ్డు మాత్రం తెగకూడదు. మనసులో ఇది పెట్టుకుంటే మిగతా పని దానంతటదే ఒక దారిలో పడుతుంది.

పది నిమిషాల్లో ఏ నూనే మరల్లోకి దిగదు. ఇనుము తుప్పుగా మారినప్పుడు తను ముందున్న చోటుకు కనీసం రెండింతలు ఆక్రమిస్తుంది, చెమ్మ పట్టుకుంటే ఇంకా ఎక్కువ. నట్టుకూ స్టడ్డుకూ మధ్య ఉండే సన్నటి సందంతా అట్లా బిగుసుకుపోతుంది, అందుకే తుప్పు పట్టిన నట్టు జిగురు అంటించినట్టు కాక చీల దిగ్గొట్టినట్టు నిలబడుతుంది. నూనె దిగాలంటే అందులో పగుళ్లు రావాలి. పగుళ్లు రావాలంటే రెండే దారులు, వేడి లేదా దెబ్బ.

వేడికి నీ ఇంజనే పొయ్యి. ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచు, ఆపెయ్యి, నట్టు ముట్టుకోలేనంత వేడిగా ఉన్నప్పుడు మామూలు తెల్ల కొవ్వొత్తి తీసుకుని స్టడ్డు చివర నట్టు కలిసేచోట ఆనించు. మైనం కరిగి దానంతటదే లోపలికి పాకుతుంది. వేడి మీద స్ప్రే మాత్రం కొట్టొద్దు, అందులో మండే గుణం ఉంది, పైన పెట్రోలు ట్యాంకు ఉంది. బండి గోరువెచ్చగా అయ్యాక స్ప్రే కొట్టు, చల్లారేకొద్దీ లోపలికి లాక్కుంటుంది. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, రెండ్రోజులు. మధ్యమధ్యలో నట్టు పక్కల మీద చిన్న సుత్తితో టిక్ టిక్ మని కొట్టు, గోడకు మేకు కొట్టినట్టు కాదు, కొబ్బరికాయ లేతదో ముదురుదో చూడ్డానికి తట్టినట్టు.

మూడో రోజు రింగు పానా గానీ ఆరు మూలల బాక్సు గానీ వెయ్యి. నోరు తెరిచిన డబుల్ ఎండ్ పానా రెండు మూలల్నే పట్టుకుంటుంది, అవి అరిగి గుండ్రమైపోయాయంటే ఇంకేం పట్టదు. పన్నెండు మూలల బాక్సు కూడా ఇట్లాంటి చోట జారుతుంది. ముందు విప్పే వైపు కాకుండా బిగించే వైపు ఒక వెంట్రుక వాసి తిప్పి చూడు. ఎందుకంటే తుప్పు ఒకసారి పగిలితే చాలు, ఏ వైపు పగిలినా ఒకటే. అది టక్కుమంటుంది, చేతికి తెలుస్తుంది. తర్వాత విప్పే వైపు పావు చుట్టులో సగం, కిర్రుమందంటే మళ్లీ వెనక్కి, ఇంకొంచెం నూనె, మళ్లీ ముందుకు. ఒక నట్టుకు అరగంట పట్టొచ్చు.

ఒక్క గుర్తు మాత్రం మర్చిపోవద్దు. పానా తిరుగుతోంది గానీ టక్కు లేదు, కిర్రు లేదు, రబ్బరు మెలిపెట్టినట్టు మెత్తగా వస్తోంది అంటే, తిరుగుతున్నది నట్టు కాదు, స్టడ్డే మెలి తిరుగుతోంది. అక్కడ చెయ్యి తీసెయ్. నేను పని నేర్చుకునే రోజుల్లో ఆ మెత్తదనాన్ని "వస్తాంది వస్తాంది" అని సంతోషపడి లాగాను. వచ్చింది, సగం స్టడ్డు పానాతో పాటే నా చేతికి. మా మేస్త్రి ఏమీ అనలేదు. రెండ్రోజులు నాకు టీ తెచ్చే పని మాత్రమే ఇచ్చాడు.

అప్పటికీ రాకపోతే నట్టును బలి ఇచ్చెయ్. హ్యాక్‌సా బ్లేడుతో నట్టు పక్క భాగాన్ని స్టడ్డు పొడవునా, మరలు తగలడానికి కొంచెం ముందు దాకా కొయ్యి. ఆ గాటులో చిన్న ఉలి పెట్టి ఒక్క దెబ్బ కొడితే నట్టు విచ్చుకుంటుంది. పోతే ఒక నట్టు. నట్టుతో పాటు స్టడ్డు మొత్తం హెడ్‌లో నుంచి తిరిగి వచ్చేసిందా? భయపడకు, అదింకా మంచిది. రెండు నట్లు స్టడ్డుకెక్కించి ఒకదాన్నొకటి బిగించి, పైదాన్ని తిప్పితే కొత్త స్టడ్డు దానంతటదే లోపలికి పోతుంది.

ఇక వాన సంగతి. అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ పడుతుంది, తక్కువే. కానీ బండి ఏ నీళ్లతో కడుగుతున్నావ్? బోరు నీళ్లేగా. బకెట్ అంచున తెల్లగా గార కట్టే నీళ్లు ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు పోస్తే నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పులు నట్టు చుట్టూ మిగిలిపోతాయి, రాత్రి చెమ్మను అవే పీల్చుకుంటాయి. ఇంకొకటి చాలామందికి తెలియదు, లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీళ్లు ఆవిరి రూపంలో సైలెన్సర్ నుంచే బయటికి పోతాయి. లీకైన చోట అదే ఆవిరి నట్టుకు తగులుతోంది. కాలేజీ రెండు కిలోమీటర్లే అయితే సైలెన్సర్ పూర్తిగా వేడెక్కే లోపే బండి ఆపేస్తావ్, ఆ చెమ్మ అక్కడే ఉంటుంది.

కె.సి. కెనాల్ కింద వరి పెడతాం. ట్రాక్టరుకు దమ్ము చక్రాలు బిగించే బోల్టులు ఏటా ఇదే గోస, ఈసారి నాలుగు రాలేదు. గ్యాస్ కటింగ్ ఆయన్ను పిలిపించి చక్రం మీదే వేడి పెట్టి విప్పిద్దామంటున్నాడు మా డ్రైవరు. పెట్టించొచ్చా? (రైతు, కర్నూలు దగ్గర)

వద్దన్నా, చక్రం మీద మంట అస్సలు వద్దు. పక్కన టైరు ఉంది. రిమ్ముకు గట్టిగా వేడి తగిలితే టైరు లోపలి రబ్బరు నుంచి మండే వాయువు పుట్టి టైరు బాంబులా పేలే ప్రమాదం ఉంది, గాలి తీసేసినా ఆ ముప్పు పూర్తిగా పోదు. వెల్డింగు చేసేవాళ్లు ఇట్లా ప్రాణాలు పోగొట్టుకున్న సంగతులు ఉన్నాయి. మంట పెట్టాల్సిందే అంటే టైరు రిమ్ము నుంచి పూర్తిగా ఊడదీశాకే.

అయినా మీకు ఆ అవసరమే లేదు. వంగి చూడండి, మీ బోల్టులకు అవతల నట్టే ఉంది. వాటిని విప్పడానికి పూటంతా ఇద్దరు మనుషులు కుస్తీ పడితే ఆ కూలితో కొత్త బోల్టుల సెట్టే వస్తుంది. గ్రైండర్‌తో తలలు కోసి, సుత్తితో అవతలికి తోసెయ్యండి. కళ్లద్దాలు పెట్టుకోకుండా గ్రైండర్ పట్టొద్దని డ్రైవరుకు చెప్పండి, ఎట్లాగూ వినడు, అయినా చెప్పండి. కొత్తవి వేసేటప్పుడు మరలకు గ్రీజు రాసి, బయటికి మిగిలిన మర మీద పాత ట్యూబు ముక్క తొడిగి తీగ చుట్టండి. బురద మరల్లో ఎండకపోతే వచ్చే ఏడు పానాతోనే వస్తాయి.

సార్, ఆటో ఇంజన్‌లో 6 ఎంఎం బోల్టు తెగి లోపలే ఉండిపోయింది. మెకానిక్ డ్రిల్లు చేసి, ఎదురు తిరిగే ఈజీ అవుట్ అనేదేదో పెట్టి తిప్పితే అది కూడా లోపలే విరిగింది. ఇప్పుడు కొత్త బాడీ వెయ్యాలంటున్నాడు. (ఆటో డ్రైవరు, ఆదోని)

ఆ ఈజీ అవుట్ పేరు పెట్టినవాడెవడో గానీ, 6 ఎంఎం బోల్టుల దగ్గర మాత్రం అందులో ఈజీ ఏమీ లేదు. పానాతో రాక తెగిన బోల్టు అంతకంటే సన్నటి ముక్కతో వస్తుందా, ఆలోచించండి. పైగా అది చాలా గట్టి ఉక్కు, గాజులా విరుగుతుంది, విరిగాక మామూలు డ్రిల్లు బిట్టు దాని మీద గీత కూడా వెయ్యలేదు. బోల్టు మరల మధ్యలో తెగినప్పుడు, అంటే ఎక్కువ బలానికి తెగి అడుగు మరలు లూజుగానే ఉన్నప్పుడు అది పనికొస్తుంది. తుప్పుకు పట్టేసి తెగిన చోట నేను వాడను.

మీకు ఇంకా దారి ఉంది, బాడీ మార్చే ముందు రెండు చోట్ల చూపించండి. విరిగిన ముక్క కొంచెమైనా పైకి కనిపిస్తుంటే అనుభవం ఉన్న వెల్డరు దాని మీద ఒక నట్టు పెట్టి, నట్టు రంధ్రంలో నుంచి వెల్డింగు నింపుతాడు. పట్టుకోడానికి కొత్త తల దొరుకుతుంది, అంతకన్నా ముఖ్యం, ఆ వేడికి తుప్పు పగులుతుంది. ఉక్కు వెల్డింగు చుట్టూ ఉన్న అల్యూమినియానికి సరిగ్గా అంటుకోదు కాబట్టి చేతివాటం ఉన్నవాడైతే బాడీకి ఏమీ కాదు. ఎర్రగా ఉండగానే తిప్పకుండా చల్లారనిచ్చి, గోరువెచ్చగా ఉన్నప్పుడు అటూ ఇటూ ఆడించాలి. ఒకసారికి రాకపోతే మళ్లీ అంటించాలి, మూడోసారికో నాలుగోసారికో వచ్చినవి చాలా చూశాను. వెల్డింగుకు ముందు బ్యాటరీ వైర్లు తీయించండి, బీఎస్6 బండి అయితే కంప్యూటర్ పెట్టె కనెక్టరు కూడా.

లోపలికి విరిగిపోయి ఉంటే స్పార్క్ ఎరోషన్ మిషన్ ఉన్న టూల్‌రూముకు తీసుకెళ్లాలి. అది కరెంటు నిప్పురవ్వలతో గట్టి ఉక్కును కొద్దికొద్దిగా తినేస్తుంది, తిప్పే పనే ఉండదు. తర్వాత మరలు పాడైతే హెలికాయిల్ వేయించండి, స్ప్రింగులా ఉండే ఉక్కు మర అది, అల్యూమినియంలో అసలు మర కంటే గట్టిగా ఉంటుంది. బోల్టు మధ్యలోనే డ్రిల్లు పడాలంటే ముందు సెంటర్ పంచ్ కొట్టాలి, 6 ఎంఎం మరకు 5 ఎంఎం బిట్టు దాటకూడదు. ఈ రెండూ మెకానిక్‌కు తెలిసినవే, చెప్పానని అనకుండా గుర్తు చెయ్యండి.

స్కూటర్ హ్యాండిల్ దగ్గర డిస్క్ బ్రేక్ ఆయిల్ డబ్బా మూతకు రెండు చిన్న స్క్రూలుంటాయి కదా, అవి రావట్లేదు, స్టార్ గుంత అరిగిపోతోంది. స్ప్రే కొట్టనా అన్నా? (టీచరు, కడప)

స్ప్రే మాత్రం కొట్టొద్దమ్మా. బ్రేక్ ఆయిల్‌లో పెట్రోలియం నూనె చుక్క పడినా లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బిపోతాయి, బ్రేకే దెబ్బ తింటుంది. తుప్పు ప్రశ్నల్లో నూనె పొయ్యొద్దని చెప్పాల్సి వచ్చేది ఇక్కడొక్కచోటే.

అక్కడ ఉక్కు స్క్రూ, అల్యూమినియం డబ్బా. ఈ రెండూ కలిసినచోట చెమ్మ తగిలితే అల్యూమినియం తెల్లగా పొడిలా తినుకుపోయి స్క్రూను పట్టేస్తుంది. ఇంకో సంగతి, జపాన్ కంపెనీల డిజైన్లతో వచ్చిన బళ్ల స్టార్ గుంత మన ఇంట్లో ఉండే ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ మొనకు సరిగ్గా సరిపోదు, చూడ్డానికి ఒకేలా ఉన్నా గట్టిగా తిప్పితే ఎగిరి బయటికొస్తుంది. జేఐఎస్ మొన అని అడిగితే టూల్స్ అంగట్లో ఇస్తారు. స్క్రూడ్రైవర్ నిలువుగా పెట్టి వెనక సుత్తితో నాలుగైదు చిన్న దెబ్బలు, తర్వాత ఒంటి బరువంతా దాని మీద వేసి తిప్పండి. బలంలో ముప్పావు వంతు నొక్కడానికి, పావు వంతు తిప్పడానికి. గుంత పూర్తిగా పోతే షాపులో స్క్రూ తల అంచున చిన్న ఉలితో గాటు పెట్టి వెనక్కి తోస్తూ తెస్తారు. కొత్తవి ఆరు మూలల గుంత ఉన్నవి వేయించుకోండి. బ్రేక్ ఆయిల్ బండి పెయింటు మీద పడకుండా తడి గుడ్డ పరచండి, రంగు లేచిపోతుంది.

పిల్లోడి సైకిల్ ఎడమ పెడలు రాట్లేదు. పైపు పెట్టి లాగితే ఇంకా బిగిసింది! (ప్రొద్దుటూరు)

బిగుస్తుంది మరి, ఎడమ పెడలుకు ఎదురు మర. ఎటు తిప్పి బిగించారో దానికి ఎదురు తిప్పండి. తొక్కేటప్పుడు ఊడిపోకుండా అట్లా పెట్టారు. మండే గ్యాస్ సిలిండర్ల ఫిట్టింగుల్లో చాలావాటికి కూడా ఎదురు మరలుంటాయి, కొన్ని జపాన్ బళ్ల కుడి అద్దానికి, కొన్ని పాత లారీల ఎడమ చక్రం నట్లకు కూడా. నట్టు రానప్పుడు పైపు వెతకడానికి ముందు అరనిమిషం ఈ అనుమానం పడటం మంచిది.

డబ్ల్యూడీ-40, డీజిల్, కిరసనాయిలు, కూల్‌డ్రింకు, ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తారు. ఏది నిజం? విప్పిన తర్వాత అన్ని నట్లకూ గ్రీజు రాసి బిగించొచ్చా? (నాపరాళ్ల లారీ డ్రైవరు, తాడిపత్రి)

డబ్ల్యూడీ పేరులోనే ఉంది గుట్టు, నీళ్లను తరిమే మందు అని, నలభయ్యో ప్రయత్నానికి కుదిరింది కాబట్టి 40 అని. 1953లో అమెరికాలో తయారైంది, తుప్పు రాకుండా చూడ్డానికే గానీ తుప్పు విప్పడానికి కాదు. పలచగా ఉంటుంది కాబట్టి కొంత దిగుతుంది. ప్రత్యేకంగా పెనెట్రేటింగ్ ఆయిల్ అని ఉండేది కొంటే ఇంకా మేలు. డీజిల్ పనిచేస్తుంది, రాత్రంతా నానితే. అసిటోన్, పవర్ స్టీరింగ్ ఆయిల్ సగం సగం కలిపితే చాలామంది మెకానిక్‌లు మెచ్చుకుంటారు, నేనూ వాడతాను. రెండూ విడిపోతుంటాయి, ప్రతిసారీ కుదిపి పొయ్యాలి, పెయింటుకూ ప్లాస్టిక్‌కూ తగలకూడదు, పక్కన బీడీ వెలగకూడదు. కూల్‌డ్రింకులో ఆమ్లం ఉన్న మాట నిజమే గానీ చాలా తక్కువ, తర్వాత మిగిలే పంచదార బంకతో ఇంకో తలనొప్పి. విప్పిన చిన్న నట్లు వాషర్లు అయితే చింతపండు పులుసులో రాత్రంతా వేసి పొద్దున బ్రష్షు కొట్టి చూడండి, ఇంట్లో ఇత్తడి చెంబు తోమే లెక్కే. బరువు మోసే గట్టి బోల్టులను మాత్రం పులుపులో వెయ్యకండి.

ఏ నూనె అన్నదాని కంటే ఎప్పుడు పోశామన్నది పెద్ద సంగతి. 2009 అక్టోబరులో కర్నూలును వరద ముంచినప్పుడు బళ్లన్నీ బురద నీళ్లలో నానాయి. నా దగ్గరికి వారంలోపు వచ్చిన బళ్ల నట్లు డీజిల్‌కే వచ్చేశాయి. ఇల్లు కడుక్కుని, సామాన్లు సర్దుకుని, సంక్రాంతికి బండి సంగతి గుర్తొచ్చినవాళ్లవి గ్రైండర్‌తో కోశాను. వాళ్లను తప్పు పట్టేదేముంది, ఇల్లు ముందా బండి ముందా. మీ లారీకైతే రాళ్ల పొడి తడిసి నట్ల మీద సిమెంటులా పేరుకుంటుంది, నూనె పోసే ముందు దాన్ని వైరు బ్రష్షుతో గీకండి, లేకపోతే నూనెంతా ఆ పొడే తాగేస్తుంది.

గ్రీజు విషయానికొస్తే సైలెన్సర్ నట్లకు కాపర్ గ్రీజు రాయండి, మామూలు గ్రీజు ఆ వేడికి కాలిపోతుంది. మడ్‌గార్డు, బాడీ, బంపర్ బోల్టులకు మామూలు గ్రీజు చాలు. చక్రాల నట్లకు మాత్రం కంపెనీ పుస్తకంలో రాయమని ఉంటే తప్ప ఏమీ రాయొద్దు. నూనె తగిలిన మర సులభంగా తిరుగుతుంది, మీరు రోజూ పెట్టే బలమే పెట్టినా లోపల స్టడ్డు ఎక్కువ సాగుతుంది, లోడు మీద తెగుతుంది. వాటిని వైరు బ్రష్షుతో శుభ్రం చేసి పొడిగా బిగించి, యాభై వంద కిలోమీటర్లు పోయాక ఆగి ఇంకోసారి పానా వేసి చూసుకోండి.